వంకలో పోయిన మన్ను

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఆషాఢం, ఉరవకొండ దగ్గర ఒక వంక. ఆ వంకకు అడ్డంగా రాతికట్ట వేసి, దాని వెనక నిలిచిన ఒండుమట్టిలో వేరుశనగ, వాళ్ల మాటలో చెనిక్కాయ, వేసుకుంది ఓబులమ్మ. ఆమె మొగుడికి అన్న, గుట్ట మీది చేను బయ్యన్న, ఈ మధ్యాహ్నం ఆ మొలకల మీదికే జగడానికి దిగాడు. సాక్ష్యానికి యేసన్నను రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. వంకల్లో ఎంత మన్ను కొట్టుకుపోతోందో కొలవడం యేసన్నకు సర్కారు ఇచ్చిన పని.

“ఆడ్నే నిలబడు బావా. మొలకలుండాయి, తొక్కొద్దు.”

“నా మన్నులో నేను నిలబడేకి నువ్వెవురు చెప్పేకి?”

“నీ మన్నా?”

“నా మన్నే. పైనుంచి కొట్టుకొచ్చిందంతా నా చేని మన్ను. దొంగతనంగా కట్టేసి పట్టుకున్నావు. నడిమిన గట్టేసి సగం చేను నాకియ్యి.”

“దొంగతనంగానా! పదకొండేండ్లు నెత్తిన రాళ్లు మోసినా. భాగాలప్పుడు పై చేను నువ్వు తీసుకొని, ముండమోపిదానికి ఈ రాళ్ల వంక చాల్లే అంటివి. ఆ పొద్దు నుంచి నీ గుట్ట మీద అడుగు పెట్టినానా నేను?”

“ఆ మాట ఇప్పుడెందుకు?”

“ఇప్పుడు గాకుంటే ఎప్పుడు?”

“సారూ, నువ్వు చెప్పు. వాన పడినప్పుడల్లా సీసాల్లో వంక నీళ్లు పట్టి, అడుగున నిలిచిన మడ్డి ఆరబెట్టి తూకమేస్తావు గదా. మన్ను వచ్చిందా, లేదా?”

“వచ్చింది బయ్యన్నా. శానా వచ్చింది.”

“ఇన్నావామే?”

“ఇన్నా. యేసన్న సారూ, అది ఈయన చేని మన్నేనని నీ పుస్తకంలో ఉండాదా?”

“అదే... అదొక్కటే లేదమ్మా.”

“లేదంటే?”

“ఈయన చేన్లో ఇరవై ఇనుప చువ్వలు పాతినా. నేల మట్టానికి ఎర్ర గీత గీసినా. మన్ను పోతే గీత పైకి తేలాల. మూడేండ్లు చూసినా, ఎప్పుడు చూసినా మట్టంగానే ఉంది. బయ్యన్న చేన్లో పిడికెడు మన్ను గూడా పోలేదని రాసినా. కింద ఈయన వేలిముద్ర ఉంది.”

“చూసినావా బావా! పిడికెడు పోలేదంట. పో, ఇంటికి పో.”

“నోరు మూయి! ఏం సారూ, తమాషాగా ఉండాదా? నా చేనిది గాకుంటే ఆకాశం నుంచి పడిందా?”

“నేనూ అదే అడుగుతాండా. అనంతపురంలో మా ఆఫీసరు నా పుస్తకం మొగాన కొట్టినాడు. పైన మన్ను పోలేదంటావు, కింద సీసా నిండా మడ్డంటావు, చెట్టు కింద కూచోని రాస్తాండావా అన్నాడు. ఇంకొక్కసారి ఇట్లా వస్తే ఇంటికి పొమ్మన్నాడు. బయ్యన్నా, నీ బిడ్డల మీద ఒట్టేసి చెప్పు. ఆ చువ్వలు ఎవరన్నా ముట్టుకున్నారా?”

“ఎవురు ముట్టుకుంటారు?”

“నేను నిన్నడుగుతాండా.”

“గొర్రెలు తొక్కింటాయి.”

“ఇరవై చువ్వలూ ఒకే మట్టానికి తొక్కినాయా గొర్రెలు?”

“మాట్లాడు బావా. ఎవురి గొర్రెలవి?”

“నేనే! నేనే కొట్టినా. యేటేటా సమ్మెటతో దిగగొట్టినా, ఏం జేస్తారు? మన్ను పోతాందని తెలిస్తే సర్కారోళ్లు గట్లేస్తామని దిగుతారు. ఒక్కో గట్టుకు నాలుగు సాళ్ల నేల మింగుతారు. అందుకే కొట్టినా. ఇప్పుడు రాసుకో, మన్ను నాదేనని రాసుకో!”

“ఎంత పని చేసినావయ్యా! ఆఫీసరు ముందర నేను దొంగనని...”

“రాసుకో అంటాండా గదా!”

“రాస్తా. మొదటి యేడు ఎంత దిగగొట్టినావు?”

“రెండు వేళ్లు.”

“తర్వాత?”

“మూడు వేళ్లు. పోయినేడు బెత్తెడు.”

“అమ్మా ఓబులమ్మా, ఉన్నది రాయక తప్పదు. నీ చేన్లో సగం గాదు, ముక్కాలు మన్ను ఈయనదే.”

“ఇన్నావామే? ఇప్పుడేమంటావు?”

“ఏమంటా? నీ మన్ను నువ్వు తట్టల్లో ఎత్తుకొని పో. నా రాళ్లు నాకుంటాయి. నా చేని నడిమిన గట్టు మాత్రం ఏయనీను. ఏస్తే నా పీనుగ తొక్కి ఏయాల.”

“ఏస్తా. తొక్కే ఏస్తా.”

“కొట్లాట తర్వాత. బయ్యన్నా, ఈ యేటిది చెప్పు. నేనింకా పైకి పోలేదు.”

“ఈ యేటిది వద్దులే సారూ.”

“వద్దంటే ఎట్లా? లెక్క పూర్తి గావాల. గీత ఎంత తేలింది?”

“గీత యాడిది... పది దినాల కిందటి వానకు చువ్వలే పడిపోయినాయి.”

“పడిపోతే మళ్లీ నిలబెట్టి కొట్టలేదా?”

“కొట్టినా.”

“కొడితే?”

“దిగలే.”

“ఒక్కటీ?”

“ఒక్కటి గూడా దిగలే. యాడ పెట్టి కొట్టినా బండే తగులుతాండాది.”

“బావా.”

“ఏందిమే?”

“ఈ యేడు చెనిక్కాయ ఇత్తినావా?”

“నీకెందుకు?”

“ఊరంతా ఇత్తి పది దినాలాయ. నిన్నే అడుగుతాండా. ఇత్తినావా, లేదా?”

“ఇత్తనాలు మూటలోనే ఉండాయి ఓబులమ్మా. ఏసేకి మన్ను లేదు.”