ఎడంచేతి మాట

ఆదోనిలో ఒక ఇల్లు. మిద్దె మీద భాగ్యలక్ష్మి, ఆమె కూతురు వర్షిణి. కింద ముందరి గదిలో మంచం మీద వర్షిణి నాయన విశ్వేశ్వరయ్య. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి.

"ఇంగా ఐపోలేదా నీ అతుకులు?"

"ఒక్క తీగ ఉందిమా. ఈ కొన పట్టుకో. కదిలించొద్దు."

"ఈ తగరం పొగేందో. పక్కింటామె అడుగుతాంది, ఏమక్కా, మిద్దె మీద గిన్నెలకు కళాయి పెట్టిస్తాండారా అని."

"నువ్వేమన్నావు?"

"పాప బడికి ఏదో సేస్తాంది అన్నా."

"నాయన కోసమని సెప్పలేదా?"

"సెప్పలేదు."

"యాల?"

"అన్నం సల్లారిపోతాంది. దిగు."

"దిగుతాలే. ఇది నాయన బొంబాయికి పత్తి పని మీద పోయినప్పుడు కొన్న జేబు కంప్యూటరే గదా?"

"నాకు సెప్తావా? కాపురానికొచ్చిన కొత్తల్లో నాకన్నా దాన్నే ఎక్కువ పట్టుకునేవాడు. పత్తి మండీలో కుడిచేత్తో ఫోను చెవికాడ, ఎడంచేత్తో ఇది. సూడకుండానే నొక్కేవాడు."

"అదే మా. ఆ ఎడంచెయ్యి బాగుంది. దాంతో పెన్ను పట్టలేడు, సెల్లులో అక్షరాలు దొరకవు. దీని మీదైతే వేళ్లకు తెలుసు."

"తెర నల్లగైపోయిండాది గదా, సిరా ఒలికినట్ల."

"తెర ఒక్కటే పోయింది. మీటలు బాగుండాయి. ఈ పక్కన మూత కింద సూదులు సూడు. ప్రింటరు ఈడ తగిలించేవాళ్లంట. రాసి ఎంటర్ కొడితే ఆ వరుస ప్రింటరుకు పోతాది. ప్రింటరు జాగాలో నేను ఈ సిన్న సర్క్యూట్ బోర్డు పెట్టినా. అది ప్రింటరే అనుకోని పంపిస్తాది. బోర్డు నుంచి యూఎస్‌బీ తీగ, ఆడ నుంచి ల్యాప్‌టాప్‌లోకి."

"ఎవరి ల్యాప్‌టాప్?"

"అన్నది."

"దాన్ని యాల తీసినావు?"

"ఇంట్లో వేరేది లేదు గదా."

"మూత మీద వాని పేరు అతికించుండాది. నాయనకు కనపడకుండా గుడ్డ కప్పు."

"మా, ఎన్నాళ్లు సెప్పకుండా ఉంటాం?"

"డాక్టరు ఏమన్నాడు? గుండె తట్టుకోదు అన్నాడు."

"అది కర్నూలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. అన్న ఎమ్మిగనూరు రోడ్డు మీద లారీ కింద పడి పోయింది ఆ వారమే. ఇప్పుడు నాయన ఇంటికొచ్చి నెలలైపాయె. ఎవరన్నా సెప్తారని సూసినా. ఎవరూ సెప్పలే."

"నేనే అందరితో ఒట్టేయించుకున్నా. ఆయన అడగలేడు, నాకు అబద్ధం సెప్పే పని లేదు. వండుతాండా, తినిపిస్తాండా, పొద్దు పోతాంది. ఇప్పుడు నువ్వు ఆయనకు నోరు తెస్తాండావు."

"తెస్తే ఏమి?"

"మొదట ఏమడుగుతాడు? నా కొడుకు ఆది యాడ అని అడుగుతాడు. ఏం సెప్తావు? బళ్లో ఎవరన్నా పేరడిగితేనే తల వంచుకుంటావు నువ్వు."

"తెలీదుమా."

"బెంగళూరులో ఉండాడు, కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదు. ఒకసారి అను."

"బెంగళూరులో ఉండాడు."

"కొత్త ఉద్యోగం."

"కొత్త ఉద్యోగం. సెలవు దొరకలే."

"తల ఎత్తి అను."

"సెలవు దొరకలే."

"ఆ. అట్ల."

"మా, నీకు ఏడుపొస్తాదా?"

"రాదు. నీకు?"

"నాకూ రాదు. మొన్న ఈ తగరం కరిగించే కడ్డీ తగిలి వేలు కాలింది. తియ్యాలని కూడా తోచలే. సూస్తా ఉండిపోయినా."

"ఏ వేలు? సూపీ."

"మానిపోయిందిలే. తీగ అతుక్కుంది. పా, కిందికి పోదాం."

ముందరి గదిలో.

"నాయనా, ఎడంచెయ్యి ఇయ్యి. ఇదేందో గుర్తుపట్టినావా? రాసి ఎంటర్ కొట్టు. ఈడ నేను సదువుతా."

"తడుముతాండాడు సూడు. సంటిబిడ్డ మొగం తడిమినట్ల."

"నొక్కుతాండాడు మా!"

"ఏం వచ్చింది?"

"గీతలు. చుక్కలు. నాయనా, ఆగాగు. సంకేతాలను తలకిందులుగా సదువుతాంది ఈ బోర్డు. తిప్పుతా."

"పని సేయకపోతే పోనీలే పాపా. ఆయనకు మజ్జిగ తాపాల. తియ్యి ఇంగ."

"ఉండుమా. ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చాల. ఆ... నాయనా, మళ్లా కొట్టు."

"వచ్చిందా?"

"అంకెలు."

"ఏం అంకెలు?"

"పత్తి రేటు మాదిరి ఉంది. గుణించి, కూడినాడు."

"సూసినావా? మనసు మండీలోనే ఉండాది. రేట్లు తప్ప ఏమీ గుర్తు లేదు. పాపం. సాలు, తీసెయ్."

"లెక్క సరిగ్గుంది మా. మళ్లా నొక్కుతాండాడు. ఈసారి అక్షరాల మీటలు, వేళ్లను సూసి సదువుతాండా. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు."

"ఏమని?"

"ఏ, ఏ, డి, ఐ. ఆది..."

"బెంగళూరులో ఉండాడండీ! కొత్త ఉద్యోగం. బాగుండాడు. సెలవు దొరకలేదంట. పాపా, సెప్పు నువ్వు."

"మా, వరుస ఇంగా ఐపోలే."

"దొరికితే వస్తాడు. నిన్న గూడా మిమ్మల్నే అడిగినాడు, మందులు సరిగ్గా తీసుకుంటాండాడా అని..."

"మా, ఆపు."

"ఎంటర్ కొట్టినాడు గదా. తల వంచుకోకు. ఏమడుగుతాండాడో సదువు, నేను సెప్తా."

"'ఆదికి కొరివి ఎవరు పెట్టినారు?'"