‘సారీ’ అన్న మాటకు నిండు పేజీ

సభకు వచ్చిన పెద్దలకు, పని ఆపుకుని వచ్చిన ప్రెస్సు తమ్ముళ్లకు, ముందు వరసలో ఉన్న వదినగారికి నమస్కారం.

మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు సంపాదకులు ఇక లేరు. ఈ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. పక్క బల్ల ఖాళీగా కనబడితే, టీకి లేచి వెళ్లారేమోనని ఇప్పటికీ తలుపు వైపు చూస్తున్నాను.

కింద ప్రెస్సులో ఆయన్ని ‘ఆగండి మాస్టారు’ అనేవాళ్లు. ఎందుకనేవాళ్లు? పేజీలు మిషనెక్కబోతుంటే మెట్ల మీంచి కేక వినబడేది: "ఆగండి, దీనికి ఇంకో అర్థం ఉంది!" అందరం తిట్టుకునేవాళ్లం. తిట్టుకుంటూనే ఆగేవాళ్లం.

మిత్రులారా, ఆయన గురించి చెప్పాలంటే ఈ పూట చాలదు. నేను ఒక్క మాట గురించే చెబుతాను. సారీ. బడికెళ్లని పిల్లలు కూడా అనే మాట. మన పాత చిన్న నిఘంటువులో దానికి ఒక్కటే అర్థం ఉండేది: ‘క్షమించండి’. చాలదా? చాలదని ఒక గుమాస్తా వచ్చి చెప్పాడు. తన పై అధికారి తండ్రి పోతే, పాపం, ఇంగ్లీషు సంతాప ఉత్తరం నమూనా ఒకటి దగ్గర పెట్టుకుని, మన పుస్తకం తిరగేసి, ‘మీ నాన్నగారు పోయినందుకు నన్ను క్షమించండి’ అని రాశాడు. ఆ ముసలాయన్ని నువ్వే చంపావా అని ఆఫీసంతా ఏడిపించిందట. పుస్తకం పట్టుకుని మా మీదికి దెబ్బలాటకొచ్చాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. "తప్పు అతనిది కాదు, మనది" అన్నారు.

ఆ రోజే ఆ మాట మీద పని మొదలుపెట్టారు. దుఃఖాన్ని చెప్పే ‘సారో’ నుంచి ఈ మాట పుట్టిందని మేమంతా అనుకునేవాళ్లం. కాదని తేల్చారు. పాత ఇంగ్లీషులో నొప్పిని చెప్పే మాట నుంచి పుట్టిందట. క్షమాపణ తర్వాత వచ్చి చేరింది. "ఎదుటివాడి నొప్పి తెలిస్తేనే కదయ్యా, క్షమించమని అడిగేది!" అన్నారు.

అంతటితో ఊరుకున్నారా? జనం ఆ మాట ఎలా వాడుతున్నారో వినడానికి బస్సులెక్కి తిరిగారు. కాలు తొక్కినవాడి సారీ వేరు, ఫోనులో వినబడక ‘సారీ?’ అనేవాడి సారీ వేరు. తమ్ముణ్ణి క్షమించమని అడగడానికి అన్నకు నామోషీ. ‘సారీరా’ అనడానికి నామోషీ లేదు. ఇదీ ఒక అర్థమే అని రాశారు. వదినగారిని అడగండి, ‘క్షమించు’ అని ఆయన ఒక్కనాడూ అని ఉండరు. సారీలు మాత్రం బోలెడు!

చివరి అర్థం కోసం ఆసుపత్రి వరండాలో రోజుల తరబడి కూర్చున్నారు. డాక్టరు బయటికొచ్చి ఆ ఒక్క మాట అంటే చాలు, ఏమైందని ఎవరూ అడగరు. ‘మనిషి పోయాడని చెప్పే మాట’ అని రాసుకొచ్చారు.

అన్నీ కలిపితే నిండు పేజీ అయింది. ఒక్క మాటకు పేజీనా, నాలుగు లైన్లు చెయ్యమన్నారు మన యజమానిగారు. ఆ చివరి అర్థం ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ లేదన్నారు. "మన వరండాలో ఉంది కదండీ" అన్నారు ఈయన. ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు. పేజీ ఆగిపోయింది. మంచం మీద ఉండి కూడా, నేను వెళ్లిన ప్రతిసారీ, "కుదించలేదు కదా?" అనే అడిగేవారు. ఒంట్లో ఎలా ఉందో చెప్పేవారు కాదు.

పోయిన వారం అదే వరండాలో వదినగారి పక్కన నిలబడ్డాను. డాక్టరు బయటికొచ్చి ఒక్క మాటే అన్నారు. వదినగారికి ఇంగ్లీషు రాదు. నేను అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు.

యజమానిగారూ, మీరూ అక్కడే ఉన్నారు. మీరూ విన్నారు. కోపం తెచ్చుకోకుండా చెప్పండి, ఆ పేజీలో ఏ లైను తీసెయ్యమంటారు?

ఏదీ తీయొద్దని చెయ్యి ఊపుతున్నారు. అందరూ చూశారు కదా! వదినగారూ, రేపు పొద్దున ఆ పేజీ ఉన్నదున్నట్టు మిషనెక్కుతుంది. ఈసారి ఎవరూ ఆపరు.

దయచేసి అందరూ లేవండి. ఆయన కోసం కాసేపు ఏ మాటా లేకుండా నిలబడదాం.