ఇరవై అయిదో తూటా

అబ్బ, ఇప్పుడూ నీ మాటే నెగ్గాలి! చచ్చి ఆరు వారాలైనా నన్నిలా ఎండలో నిలబెట్టావు చూడు, డెల్మర్. అందరిలా మట్టిలో పడుకుంటే నామోషీ! "నా బూడిద గుళ్ళతో కలిపి ఇరవై అయిదు తూటాల్లో నింపించు వెర్నా, ఒక్క పిట్ట కూడా పోకుండా కొట్టు" అని రాసిపెట్టి పోయావు. ఎందుకయ్యా? బతికుండగా నీ చేత కాలేదు గనక.

నలభై ఏళ్ళు ఈ నెబ్రాస్కా తుపాకీ క్లబ్బులో ప్రతి ఆదివారం కాల్చావు. పాతిక పిట్టల్లో ఇరవై నాలుగు దాటావా ఎప్పుడైనా? ఓ రోజు గాలి, ఓ రోజు టోపీ అంచు, ఓ రోజు తుపాకీ బరువు. ఆడలేక మద్దెల ఓడు!

నీ రోగం నాకు తెలీదా? మర విసిరే మట్టి బిళ్ళ, అదే మీ మట్టి పిట్ట, ఎగరగానే దాని వెనక నుంచి తుపాకీ తిప్పుకుంటూ రావాలి, దాన్ని దాటాలి, పేల్చాలి. పేల్చాక కూడా తిప్పుతూనే ఉండాలి. అంతే కదా! నువ్వేమో పేల్చే క్షణంలో ఠక్కున ఆపేసేవాడివి. తగిలిందో లేదో చూసుకోవాలి అయ్యగారు! గుళ్ళన్నీ పిట్ట తోక వెనకాల పోయేవి. "ఆపకయ్యా మగడా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చూశావా మరి? ఇరవై నాలుగు కొట్టాను. ఇరవై నాలుగూ పొడిపొడి. నిన్ను మన వంటింటి చెంచాతో తూటాల్లో పోశాడే నీ క్లబ్బు నేస్తం ఆర్లో, వాడు టోపీ తీసి నించున్నాడు. "ఆయన పైనుంచి చూస్తున్నాడు వెర్నమ్మా" అంటాడు. పైనుంచా? ఇదిగో, నా చేతిలో ఎర్ర డొప్పలో ఉన్నాడు కదరా బాబూ!

ఇదే ఆఖరుది. తిన్నగా నా నెత్తి మీదికే వచ్చే పిట్ట. ఒక్క సెకనులో అయిపోతుంది. ఇది కొడితే నీ పాతిక నీకు ముట్టినట్టే, నా ప్రాణానికి హాయి. ఇక పిట్టను వదలమని అరుస్తున్నా. పుల్!

...

నవ్వకు.

పిట్ట నిక్షేపంలా వెళ్ళి గడ్డిలో పడింది. పగలనైనా లేదు. "గాలి వెర్నమ్మా, గాలి" అంటున్నాడు ఆర్లో. గాలా, వాడి మొహమా! గడ్డిపోచ కదిలితే ఒట్టు.

ఆపేశాను, డెల్మర్. పేలుస్తూనే ఠక్కున ఆపేశాను, అచ్చం నీలాగే. పిట్ట కోసం కాదులే. నువ్వెటు పోతావో చూద్దామని.

దిక్కుమాలిన అలవాటు, నాకు అంటించి పోయావు. ఇంతా చేసి ఏం చూశాను? కాస్త పొగ. రెప్ప వేసేలోపు అదీ లేదు.