ఎర్ర గిటారు కడుపులో

వాద్యాలు బాగుచేసే కొట్టు. బల్ల మీద తీగలు ఊడదీసిన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. దాని మీదికి వంగినవాళ్లు ముగ్గురు: మేస్త్రి, ఆ పాత గిటారు కొనుక్కొచ్చిన మామయ్య, తన పాటల బృందంలో ఆయన్ని భరిస్తున్న మేనకోడలు. ముక్కు మూసుకోనివాడు మామయ్య ఒక్కడే.

“ఛీ! ఇది గిటారా, జిడ్డు డబ్బానా? ఎక్కడ పట్టారు సార్ దీన్ని?”

“పాత సామాన్ల కొట్లో మేస్త్రీ. చూడగానే నన్ను పేరు పెట్టి పిలిచినట్టనిపించింది. ఆ రంగు చూడు, కొత్త పెళ్లికూతురులా లేదూ!”

“పైపైన పెళ్లికూతురే. మెడ మీది ఈ మెట్ల దగ్గర చూడండి. వేళ్ల మురికి పొరలు పొరలుగా... మాడిన పెనం గీకుతున్నట్టుంది. ఇదుగో, ఇది గోరు.”

“గోరా?”

“కొరికి ఊసిన గోరమ్మా. ఇదుగో, ఇంకోటి.”

“యాక్! మామయ్యా, దీన్ని నేను ముట్టుకోను.”

“కడిగేదాకా నేను మాత్రం ముట్టుకుంటానా? ఎవడో గాని పరమ రోత మనిషి. ఇలాంటివాడి చేతికి వాద్యం ఇవ్వడం కంటే కోతికి ఇవ్వడం నయం. కోతైనా పేలు చూసుకున్నాక చెయ్యి దులుపుకుంటుంది.”

“అది సరే, ఆదివారం కచేరీ సంగతి చెప్పండి ఆయనకి.”

“చెబుతున్నా కదే! మేస్త్రీ, తీగలు మార్చు, మెడ సరిచెయ్యి, జర్రుమని మోత రాకుండా చూడు. ఈసారి మోత వచ్చిందంటే బృందంలోంచి గెంటేస్తానంది ఈ పిల్ల. సొంత మేనమామని!”

“పోయిన కచేరీలో నేను పాడుతుంటే, కందిరీగ దూరిందనుకుని జనం పైకి చూశారు మేస్త్రిగారూ.”

“అది నా తప్పా? ఆ నల్ల గిటారు దరిద్రం. అందుకేగా అమ్మి వదిలించుకున్నా! నా చేతి మహిమ నీకేం తెలుసు? కుర్రతనంలో నేను తీగ మీటితే మూడు వీధుల అవతల తలుపు గొళ్లాలు వాటంతటవే ఊడేవి.”

“జనం పారిపోతూ తీసి ఉంటారు.”

“నవ్వించకమ్మా, చెయ్యి జారుతుంది. సార్, మెడ బాగానే ఉంది. మెట్లూ బాగానే ఉన్నాయి. వాయించినవాడే బాగాలేడు. మెట్టు అంచున పెట్టాల్సిన వేలు, ఎక్కడో వెనక్కి పెట్టి నొక్కాడు. ఇదుగో, చెక్క గుంట పడింది. ఇలా నొక్కితే మోత రాక సంగీతం వస్తుందా?”

“మూర్ఖుడు! వాణ్ణని ఏం లాభం, వాడికి నేర్పినవాణ్ణి అనాలి.”

“మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు మామయ్యా?”

“నేనా? నాకు నేనే.”

“వెనక మూత తీస్తున్నా, కాస్త జరగండి. బాబోయ్! ఏమిటీ కంపు!”

“చచ్చిన ఎలుకా?”

“కాదమ్మా, గుడ్డ. మోత ఆగుతుందని కడుపులో కుక్కాడు మహానుభావుడు. గుడ్డ కూడా కాదు... మేజోడు. చిన్నపిల్లల మేజోడు! థూ, బూజు పట్టి...”

“పారెయ్, పారెయ్ మేస్త్రీ! రోగాలొస్తాయి. అమ్మడూ, నువ్వు బయట నిలబడు, గాలి తగులుతుంది.”

“ఆగండి. ఇటు తిప్పండి. చేప బొమ్మ.”

“చేపో తాబేలో, మనకెందుకే!”

“చేపే. రెండు కళ్లూ ఒకే వైపు కుట్టిన చేప. ఇది మా అమ్మ కుట్టింది మామయ్యా. నా చిన్నప్పుడు రెండో మేజోడు ఏదే అని నన్ను తిట్టని తిట్టు లేదు.”

“లోకంలో చేపలు... ఎవరైనా... కుడతారు...”

“మేస్త్రిగారూ, ఆ ఎర్ర రంగు కాస్త గీకండి.”

“గీకా. కింద నలుపుందమ్మా.”

“విన్నారా మామయ్యా?”

“మేస్త్రీ, మూత పెట్టెయ్. ఇంక సెట్టింగూ వద్దు, గిట్టింగూ వద్దు.”

“ఎందుకు వద్దు? శుభ్రంగా కడిగి, బ్రహ్మాండంగా చెయ్యండి మేస్త్రిగారూ. ఆదివారానికి గిటారు ఇదే. మనిషే మారతాడు.”