బిందె తిరిగిన మూడు చుట్లు

ఆత్మకూరులో ఒక బడి. చివరి గంట కొట్టాక పదో తరగతి గదిలో మిగిలింది ఇద్దరే: తెలుగు పంతులు రాజమోహన్, జవాబు కాయితం పట్టుకున్న షైనీ. కాయితం మీద సున్నా వేసింది ఆయనే. వేసినప్పటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు.

“మళ్లా చదువు. ఏం రాసినావో నీ నోటితో నువ్వే చదువు.”

“‘ఈ కథ ఇతివృత్తం తొందరపాటు కాదు. చూసినోడు నోరు మూసుకోవడం.’ అంతే సార్.”

“నేను క్లాసులో చెప్పిన కథేంది, నువ్వు రాసిందేంది? పిల్ల నీళ్లకని బాయిలో దిగింది. పగిలిన మెట్టు చూసుకోలేదు, జారింది, మునిగింది. రైతు కాలవలో చేతులు కడుక్కోని ఇంటికి పోయినాడు. అయిపాయ. తొందరపాటు తగదు. నోట్సులో ఇచ్చినానా లేదా?”

“ఇచ్చినారు. మా పక్కింటి పెంచలప్రసాద్ అన్నకూ పన్నెండేళ్ల కిందట ఇదే ఇచ్చినారంట. ఒక్క అక్షరం మారలేదు.”

“మంచి కథ. మారేదేముంది?”

“ఇతివృత్తం ఎట్ట పట్టాలో మీరే గదా చెప్పినారు. అక్కర లేకపోయినా చెప్పింది చూడండి, చెప్పాల్సింది చెప్పకుండా దాటేసింది చూడండి అని.”

“చెప్పినాను. అయితే?”

“బాయికాడ ఎవరూ లేరన్నారు.”

“లేరు.”

“పిల్ల మునిగినాక బిందె మూడు చుట్లు తిరిగి మునిగిందన్నారు. ఎవరూ లేకుంటే ఎంచినోడు ఎవడు సార్?”

“కథమ్మే అది. కథలో అట్టనే రాస్తారు.”

“ఎవరు రాసినారు? ఏ పుస్తకంలోనూ లేదు. లైబ్రరీ అంతా ఎతికినాను.”

“నీకు మార్కులే గదా కావాల్సింది? ఇట్టియ్యి. ఐదుకైదు వేస్తా.”

“వద్దు సార్. కిటికీ ఎందుకు మూసినారు?”

“గాలి.”

“బయట ఆకు కూడా కదలడం లేదు.”

“షైనీ, ఇంటికి పో.”

“ఇంటికాడ ఈ కథ మా అవ్వకు చెప్పినాను. లిదియమ్మ మా అవ్వ. మాది వరికుంటపాడు పక్కన…”

“తెలుసు.”

“తెలుసా? ఒక్కసారి కూడా అడగలేదే మీరు.”

“మీ అవ్వ ఏమనింది?”

“బిందె మాట రాంగానే అవ్వ నోటికాడ ముద్ద అట్నే ఆపేసింది. మా మేనత్త రూతమ్మ, నలభై రెండేళ్ల కిందట, మీ నాయన బాయిలో పడింది. పదారేళ్లంట. అప్పుడు మావోళ్లు బాయి దిగకూడదు గదా. గట్టున నిలబడితే ఎవరన్నా తోడి పోయాల. ఆ పొద్దు పోసేవాళ్లు రాలేదు. ఆమె దిగింది.”

“నేను చిన్నోణ్ణి. పన్నెండేళ్లు.”

“ఎక్కడున్నారు?”

“మోటారు రూము మీద.”

“చూసినారు.”

“చూసినా.”

“ఊరు ఊరంతా దూకి సచ్చిందనింది. దూకినోళ్లకు లోపల చోటు లేదని సంఘ పెద్దలు సమాధుల గోడ బయట పూడ్చినారు. ఈస్టర్ పొద్దున అందరూ లోపల సున్నాలు కొట్టి కొవ్వొత్తులు పెడతారు. అవ్వ బయట ముళ్లకంపలో కూర్చోనుంటాది. నేను పుట్టినకాడ నుంచీ చూస్తాండా.”

“నాకు మాత్రం నిద్రుందా? కళ్లు మూస్తే ఆ బిందె తిరగతానే ఉంటాది. అందుకే ఏడాదికొకసారి పిల్లకాయలకన్నా చెప్తాండా.”

“వాళ్లకు చెప్తే ఏం లాభం? తొందరపాటు అని రాసి పాసవుతారు.”

“తిట్టమ్మే. తిట్టు.”

“తిట్టను. అవ్వ గేటుకాడ కూర్చోనుండాది. ఒక్క మాట చెప్పండి. నీ కూతురు దూకలేదు, మెట్టు మీద జారింది అని. పెద్దల ముందర కూడా అదే చెప్పండి. గోడ జరిపి రూతత్తను లోపల కలుపుకుంటామన్నారు.”

“ఆ మాట చెప్పలేను.”

“ఇన్నేళ్లూ క్లాసులో చెప్పినారు గదా.”

“క్లాసులో చెప్పినా.”

“మరి?”

“జారలేదమ్మే. దూకనూ లేదు. రైతు కాలవలో చేతులు కడుక్కున్నాడని ఏటా చెప్తా గదా, ఎవరూ లేని బాయికాడికి మా నాయన ఎప్పుడొచ్చినాడని ఒక్కరన్నా అడిగినారా?”