పెరటి లైటు ఆపిన సాయంత్రం

పొద్దుగుంకి గంటయింది. కోడలు పెరట్లో చిన్న టెలిస్కోపుకు కెమెరా బిగించి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అత్తగారు గుమ్మంలోనే నిలబడింది.

“అత్తయ్యా, ఈ లైటు పది నిమిషాలు ఆపుతారా?”

“మీ మామయ్య పోయినప్పటి నుంచి రాత్రిపూట ఆ లైటు ఆపింది లేదమ్మా. చీకటంటే నాకు గుండె దడ.”

“నేనున్నాగా. నా చెయ్యి పట్టుకోండి.”

ఆవిడ తటపటాయిస్తూనే స్విచ్చి నొక్కి, వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

“పైన ఏమీ లేదే.”

“మన కంటికి ఆనదు. కెమెరా రెప్ప వేయకుండా చూస్తుంది కదా, దానికి ఆనుతుంది. ఇదిగో, తెర మీద తేలుతోంది.”

“పొగమంచు ముద్దలా ఉంది. ఏమిటది?”

“మన పాలపుంత లాంటిదే ఇంకోటి. నిండా కోటానుకోట్ల సూర్యులు. ఆ వెలుగు ఇక్కడికి రావడానికి ఇరవై ఐదు లక్షల ఏళ్ళు పట్టింది.”

“అంత దూరం నడిచొచ్చి మన పెరట్లో దిగిందా?”

“ఇప్పుడే దిగింది.”

ఆవిడ తెర మీదకి వంగి చూసింది. కోడలి చెయ్యి ఎప్పుడు వదిలేసిందో ఆవిడకే తెలియలేదు.

“ఇంకాస్త స్పష్టంగా రాదా?”

“పక్కింటి లైటు అడ్డొస్తోంది అత్తయ్యా.”

ఆవిడ ఆ చీకట్లోనే ఒక్కతీ ప్రహరీగోడ దాకా నడిచింది.

“వదినా, మీ లైటు ఆపేసి ఒకసారి ఇటు రా. నీకొకటి చూపించాలి.”