రెండు పాల క్యాన్లూ, ముఖం మీద చెప్పని మాటా

నా సన్మానానికి నాకంటే ముందే వచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చున్న తాలూకా ఆరోగ్యాధికారి డాక్టర్ రంగనాథ గారికి, పక్కనే ఉన్న పంచాయతీ అధ్యక్షులు ఆంజనేయప్ప గారికి, పొద్దున్నే ఈ హాలు కడిగించి పెట్టిన పాల డెయిరీ కార్యదర్శి మునినారాయణకు, నా తోటి సిబ్బందికి, బోడిగుట్టపల్లి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, నా చేతుల మీదుగా భూమ్మీద పడి ఇప్పుడు వెనక బెంచీల మీద గొడవ చేస్తున్న పిల్లలందరికీ నమస్కారం. (నవ్వులు)

గంటన్నర నుంచి నన్ను పొగుడుతూనే ఉన్నారు. శశికళమ్మ ఓర్పు అన్నారు, శశికళమ్మ మెత్తని మాట అన్నారు. ఆంజనేయప్ప గారూ, బీపీ మాత్రలు మానేసినందుకు మీ పంచాయతీ ఆఫీసులోనే, మీ కుర్చీ ఎదురుగానే మిమ్మల్ని కడిగేశాను కదా, ఆ సంగతి ఒక్కరైనా చెప్పారా? (నవ్వులు) చెప్పరు. మీరు చెప్పరని నాకు తెలుసు. ఈ ఊళ్లో నర్సుగా ముప్పై ఒక్క ఏళ్లు చేసి కూడా, మీరు ముఖం మీద "వద్దు" అనలేరన్న ఆ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే మొన్న మీ ప్రసూతి వార్డును దాదాపు నా చేతులతోనే మూయించబోయాను. అది చెప్పకుండా ఈ శాలువా కప్పుకుని ఇంటికి పోతే నాకు నిద్ర పట్టదు. కాబట్టి కాసేపు ఓపిక పట్టండి, భోజనాలు ఎక్కడికీ పోవు.

నాలుగు నెలల కిందట పైనుంచి ఒక కాగితం వచ్చింది. చిన్న ఊళ్లలోని ప్రసూతి వార్డులను తాలూకా ఆసుపత్రుల్లో కలపాలని ఆలోచన. దానికి ముందు ఓటర్ల అభిప్రాయం కనుక్కోమన్నారు. మన కర్ణాటకలో సర్కారు కాగితం కదా, ఫారం కన్నడంలో ఉంది, ప్రశ్న ఒకటే: మన వార్డును బాగేపల్లి ఆసుపత్రిలో కలపడానికి మీకు సమ్మతమేనా? ఇంటింటికీ తిరిగి తెలుగులో అడిగి, అవునో కాదో రాసుకుని, వేలిముద్రో సంతకమో తీసుకోమని నన్ను పంపారు. నన్నెందుకు పంపారో కూడా చెబుతాను సార్, ఈమె అయితే అందరికీ తెలిసినామె, తలుపు తీస్తారని. తలుపు తీశారు. చాప వేశారు, మజ్జిగ ఇచ్చారు, చెనక్కాయలు వేయించి పెట్టారు. మొదటి ఇల్లు మన కెంపమ్మది. ఆమె ప్రశ్న అంతా విని, "వార్డు ఆడికి పోతే నువ్వూ ఆడికే పోతావా? నీకు బస్సు బాధ తప్పుతాది కదమ్మా?" అంది. నాది బాగేపల్లే కదా, రోజూ పొద్దున్నే ఆ ఎర్ర బస్సులో ఊగుతూ వచ్చి దిగేదాన్ని. నవ్వేసి, "తప్పుతుంది కెంపమ్మా, నా నడుము నీ పేరు చెప్పుకుంటుంది" అన్నాను. అంతే నేను చేసిన పని. తమాషాకు అన్న మాట.

ఆ తమాషా నాకంటే ముందు నడిచింది. నేను రెండో వీధికి చేరేలోపు పాలు పోసే దగ్గర, నీళ్ల ట్యాంకు దగ్గర, అన్నిచోట్లా అదే మాటట, నాకు తర్వాతే తెలిసింది. రెండు వారాలు తిరిగాను, ఆరువందల పైచిలుకు మంది ఓటర్లను అడిగాను, ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. "ఊ, అట్లే కానీమ్మా" అన్నారు. కొందరైతే నేను ప్రశ్న పూర్తి చేయకముందే వేలు చాచారు సిరా కోసం. నేను మురిసిపోయాను కూడా, మా ఊరివాళ్లు ఎంత ముందుచూపున్నవాళ్లు, స్కానింగు యంత్రం ఉన్న చోటే కాన్పు జరగాలని అర్థం చేసుకున్నారు అని! రిపోర్టు రాసి రంగనాథ సార్ చేతికిచ్చాను. ఆయన చిక్కబళ్లాపురం జిల్లా ఆఫీసుకు పంపించారు.

తర్వాత పదిరోజులకు కెంపమ్మ మనవరాలు వీణ చెకప్‌కు వచ్చింది. ఏడో నెల. బరువు చూస్తుంటే గుడ్ల నీళ్లు కుక్కుకుంటోంది. ఏమే అంటే, "ఇంక నేను యాడికి పోవల్ల మేడం? నొప్పులొస్తే బాగేపల్లికి ఇరవై రెండు కిలోమీటర్లు, సాయంత్రం ఆరు దాటితే బస్సు కూడా లేదు" అని ఏడ్చింది. మరి మీ ఇంట్లో అందరూ సమ్మతమని వేలిముద్రలు వేశారు కదే అన్నాను. పక్కనే కూర్చున్న కెంపమ్మ తల వంచుకుని చెప్పిన మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "మాకు కష్టమే ఉండాది. అయినా నువ్వొచ్చి అడిగితివి, మా ఇంట్లో మజ్జిగ తాగితివి. ఇన్నేండ్లు మాకోసరం బస్సులో తిరిగితివి. నీకు మేలైతాదంటే ఎట్ల వద్దంటాము తల్లీ? ఊరంతా అట్లే అనుకుంటిమి."

క్షమించండి. మునినారాయణా, కాసిని మంచినీళ్లు ఇలా ఇవ్వు.

వీళ్లు ఆరోగ్య సంస్కరణ మీద అభిప్రాయం చెప్పలేదు. నా నడుము మీద అభిప్రాయం చెప్పారు. (నవ్వులు) ఆ ప్రేమకు నేను పొంగిపోవాలా, భయపడాలా? భయపడ్డాను. వీణ లాంటివాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు నా రిజిస్టరులో.

మర్నాడే బాగేపల్లిలో రంగనాథ సార్ గదిలోకి వెళ్లి, "సార్, నా రిపోర్టు తప్పు" అన్నాను. సార్, మీరు అప్పుడన్న మాట చెప్పనా? చెప్పమంటున్నారు. (నవ్వులు) "రిటైర్మెంటుకు మూడు నెలలు పెట్టుకుని మీకెందుకమ్మా ఈ తంటా? మీరే రాసి, మీరే తప్పంటే నోటీసు ఇస్తారు, పెన్షన్ కాగితాలు ఆగుతాయి" అన్నారు. రాత్రంతా పెన్షన్ లెక్కలే వేసుకున్నాను, అబద్ధం ఎందుకు. మా ఇంటాయన కూడా ఊరుకోమన్నాడు. కానీ ఊరుకుంటే నేను పెన్షన్ తీసుకునే ప్రతి నెలా వీణ ముఖం గుర్తొస్తుంది కదా. జరిగిందంతా కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చాను. సార్ అది రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే మళ్లీ అడుగుదాం. ఈసారి మీరు ఆ చుట్టుపక్కల కనిపించకూడదు" అన్నారు. ఆ మాట అన్నందుకు సార్, మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

ఎట్లా అడగాలో ఉపాయం చెప్పింది మునినారాయణ. ఈ హాల్లోనే ఆ మూల తెర కట్టి రెండు పాల క్యాన్లు పెట్టాడు. ఎర్రగుడ్డ కట్టిన క్యాను అంటే వార్డు ఇక్కడే ఉండాలని, గుడ్డ లేనిది అంటే బాగేపల్లికి పోవచ్చని. మనిషికొక చెనక్కాయ. మొదటివాళ్లు వేయగానే ఖాళీ క్యానులో టంగుమని మోగింది, బయటున్నవాళ్లకు ఏ క్యానో తెలిసిపోయింది, గొడవ! అప్పుడు అడుగున గోనెపట్టా ముక్కలు వేసి మళ్లీ మొదలుపెట్టారట. నన్ను మాత్రం ఆ రోజంతా బాగేపల్లిలో సార్ గదిలోనే కూర్చోబెట్టారు, ఖైదీ లాగా. ఆరువందల పదిహేను చెనక్కాయలు పంచితే క్యాన్లలో తేలినవి ఆరువందల పదకొండు. నలుగురు ఓటు తినేశారు. (పెద్ద నవ్వులు) ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను.

ఎర్రగుడ్డ క్యానులో అయిదువందల నలభై ఎనిమిది. రెండో దాంట్లో అరవై మూడు. ఆ అరవై మూడు మందికి నేను ప్రత్యేకంగా దండం పెడుతున్నాను. ఇక్కడ లేడీ డాక్టరు లేదు, స్కానింగు లేదు, బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేస్తారు అన్న బెంగ వాళ్లదై ఉంటుంది. అది నిజమే. ఇన్నేళ్లలో నాతో ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆ చెనక్కాయలు చూశాకే సార్ పైకి రాసిన కాగితంలో వారానికి రెండు రోజులు లేడీ డాక్టరు, ఊళ్లోనే ఒక అంబులెన్సు అని అడిగారు. పోయిన మంగళవారం ఆర్డరు వచ్చింది. వార్డు ఇక్కడే ఉంటుంది. నాకు నోటీసు రాలేదు, పెన్షన్ కాగితాలు వచ్చాయి. ఆ రోజు ఇంటికెళ్లి కుర్చీలో కూలబడి హాయిగా ఏడ్చాను. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఇదిగో, ముందు వరుసలో వీణ ఒళ్లో నిద్రపోతోందే ఆ పిల్ల, మన వార్డులోనే పుట్టింది, నేను చేసిన చివరి కాన్పు. మూడు కేజీలు! (చప్పట్లు)

నా తర్వాత వచ్చే నర్సమ్మకు మజ్జిగ ఇవ్వండి, చెనక్కాయలు పెట్టండి, కానీ మీకు ఏది కావాలో అదే చెప్పండి. ఆమె బాధపడదు. నేనూ బాధపడేదాన్ని కాదు.

శాలువాకు, పూలకు, మీ అన్నానికి, మీ ఓపికకు, అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కసారి, ఫారం లేకుండా అడుగుతున్నాను. నేను పోయొస్తాను. మీకు సమ్మతమేనా?

(ముందు వరుసలో నుంచి కెంపమ్మ గట్టిగా: "వద్దు!")

విన్నారా సార్? నా ముఖం మీదే అంది! ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి. (చప్పట్లు; శశికళ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది) ఇక రేపు ఎవరు ఏ కాగితం పట్టుకుని మీ గడపలోకి వచ్చినా నాకు దిగులు లేదు. బస్సు టైమైంది కెంపమ్మా. సెలవు.